కుంజిక్కాళి పనస

కేరళలోని మన్నుత్తి నర్సరీల్లో ఏ పనస మొక్కను చూసినా నాలుగాకులు, ఒక పుల్ల. అది తేనె లాంటి తొనలిస్తుందో, వట్టి పీచే ఇస్తుందో పెరిగి కాసేదాకా దేవుడికీ తెలియదు. కొనేవాడికి దిక్కు దాని మెడలో వేలాడే అట్టముక్కే. దాని మీద అబద్ధం రాసేవాడిని ఏం చేసినా పాపం లేదు.

పౌలోస్ నర్సరీలో ఆ అట్టలు రాసేది ఏలిక్కుట్టి. పదో తరగతితో చదువు ఆపి, మొక్కలకు నీళ్లు పోయడానికి చేరిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది, రాతలోనూ అంతే. మల్లెకు, ‘నీడలో పెడితే ఆకులే మిగులుతాయి. తర్వాత వచ్చి మమ్మల్ని తిట్టొద్దు’ అని రాసింది. నిమ్మకు, ‘ముళ్లుంటాయి. మా అత్తగారి కంటే తక్కువే’ అని రాసింది. జనం మొక్కలు కొనకపోయినా ఆ అట్టలు చదవడానికి ఆగేవారు.

కుంజిక్కాళి ముసలిది. పుట్టింది మొదలు పెద్ద ఇళ్లవాళ్ల పొలాల్లో నాట్లు వేసింది. ఆమె గుడిసె వెనక పనస రుచి ఊరంతటికీ తెలుసు. అంటు కట్టడానికి కొమ్మలు అడగడానికి వెళ్లిన ఏలిక్కుట్టికి ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

“డబ్బులొద్దే. దానికి నా పేరు పెట్టు. జన్మంతా ‘ఏయ్’ అన్నారు, ‘ఒసేయ్’ అన్నారు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు ఒక్కడూ. వాళ్ల మనవలొచ్చి నా పేరు చెప్పి మొక్క అడగాలి.”

“పెడతా అమ్మమ్మా,” అంది ఏలిక్కుట్టి. అంటు కట్టారు. అట్టలూ రాసింది: ‘కుంజిక్కాళి పనస. గట్టి తొన, పీచు లేదు. పండితే ఎక్కడ దాచినా పక్కింటికి తెలిసిపోతుంది. ఈ రుచి కావాలంటే ఈ పేరే అడగండి.’

వానలు మొదలయ్యాక అమ్మకాల తొలిరోజు పొద్దున చూస్తే ఆ అట్టలన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. మొక్కల మెడల్లో రంగుల అట్టలు వేలాడుతున్నాయి: ‘సియామ్ రాణి. విదేశీ రకం. ఏడాదికే కాపు!’

ఏలిక్కుట్టికి ఒళ్లు మండిపోయింది. “ఏం పని పౌలోసన్నా ఇది?”

“అరవకు. ఆ పేరు పెడితే ఎవరు కొంటారే? పెద్ద ఇళ్లవాళ్లు ముంగిట్లో కుంజిక్కాళిని నాటుకుంటారా?” అన్నాడు యజమాని పౌలోస్.

“నాటుకోరు. తొనలు మాత్రం మింగుతారు. నువ్వూ మింగావుగా, వేళ్లు నాక్కుంటూ!”

అప్పుడే ముసలమ్మ వచ్చింది, ఉతికిన తెల్లబట్ట కట్టుకుని. అక్షరాస్యత క్లాసులో నేర్చుకున్నది తన పేరొక్కటే. ఒక్కో అట్టా పట్టుకుని దానికోసం వెతికింది. ఆ వెతుకులాట చూడలేక ఏలిక్కుట్టి పళ్లు కొరుక్కుంది.

“ఏదే నా పేరు?”

“తీసేశాడమ్మమ్మా. నేను రాశాను, ఇతను తీసేశాడు.”

“ఏ పేరైతేనేం తల్లీ, మొక్క మంచిదైతే చాలదా?” అంటూ పౌలోస్ ఇకిలించాడు.

ముసలమ్మ అతనివైపు చూడనైనా లేదు. “ఇందులో నాదేదే?” అని అడిగింది.

ఏలిక్కుట్టి మొక్కకున్న ప్లాస్టిక్ కట్టు చూపించింది. “దీని కింద వేరు నర్సరీది. ఏదో గింజ నాటితే వచ్చింది. పైదంతా నీ కొమ్మ.”

“కత్తియ్యి.”

ఏలిక్కుట్టి అంటుకత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది.

ముసలమ్మ వరుసలో కూర్చుని ఒక్కో మొక్కనూ కట్టు దగ్గర కోస్తూ పోయింది. కొడవలి పట్టిన చెయ్యి, తడబడలేదు. పౌలోస్ నెత్తి బాదుకున్నాడు. కొనడానికి వచ్చినవాళ్లు వీధిలోంచి చూస్తుంటే ఆమె మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు. కోసిన కొమ్మలన్నీ వెంట తెచ్చిన సంచిలో కుక్కుకుని ఆమె లేచింది.

“నీ వేరు నీ దగ్గరే ఉంచుకోరా పౌలోసూ. నాది నేను పట్టుకుపోతున్నా.”

పౌలోస్ ఏలిక్కుట్టి మీద పడ్డాడు. “కత్తి ఇచ్చింది నువ్వేగా! రేపట్నించి ఈ గడప తొక్కావంటే చూడు. పొయ్యేముందు చెప్పు, ఈ మోళ్లకేం రాస్తావు ఇప్పుడు?”

ఏలిక్కుట్టి ఒక అట్ట తీసుకుంది. నిలబడే రాసి, మొదటి మోడుకు గట్టిగా ముడి వేసి, ముసలమ్మ వెనకే నడిచింది. జనం ముందుకు వంగి చదివారు:

‘పేరు లేదు. ఏం కాస్తుందో మాకే తెలియదు. మా మాట మీద నమ్మకముంటే కొనుక్కోండి.’