కాటా కంప్యూటర్‌కు చెప్పిన అబద్ధం

అనకాపల్లి దగ్గర ఒక చక్కెర మిల్లులో సిస్టమ్స్ అసిస్టెంటుగా నాకు పోస్టింగు వచ్చింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గానుగాట మొదలవడానికి నెల ముందు. నా పైన కంప్యూటర్ విభాగం మేనేజరు, ఆయన పైన జనరల్ మేనేజరు. నా కింద ఎవరూ లేరు, కాటా గదిలో లినక్స్ మీద నడిచే ఒక కంప్యూటర్ తప్ప.

చెరకు బండి కాటా ఎక్కేది రెండుసార్లు. ముందు సరుకుతో, దించాక ఖాళీగా. మొదటి తూకం కంప్యూటర్‌లోకి వెళ్తుంది, రైతు చేతికి టోకెన్ నంబరు మాత్రం వస్తుంది. రెండో తూకం అయ్యాకే అసలు బరువుతో స్లిప్పు. ఆ సీజనులో ప్రతి తూకం దగ్గరా కంప్యూటర్ గుడ్లప్పగించి కూర్చునేది. గేటు బయట బండ్లు బారులు తీరేవి. కోసిన చెరకు ఎండలో ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. ఆ నష్టం రైతుదే, మిల్లుది కాదు. అందుకే మిల్లులో ఎవరికీ తొందర లేదు.

తప్పు హార్డ్ డిస్క్ దగ్గర ఉంది. ప్రాసెసర్‌ను మధ్యలోకి లాగకుండా డిస్క్ నేరుగా మెమరీతో పని జరుపుకునే పద్ధతిని డీఎంఏ అంటారు. మా దాంట్లో అది ఆఫ్‌లో ఉంది. హెచ్‌డీపార్మ్ అనే ఆదేశంతో ఆన్ చేశాను. బండ్ల వరుస కొంత తగ్గింది. అంతకు మించి వేగం పెంచలేదు. డిస్క్‌ను బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ పాత రకం, నలభై తీగలది. పై వేగాలకు ఎనభై తీగలది కావాలి, లేకపోతే సమాచారం దారిలోనే చెడిపోతుంది. దాన్ని తెప్పించమని ఇండెంటు పెట్టాను. అది స్టోర్స్‌లో హాయిగా నిద్రపోయింది.

‘కొంత’ అన్న మాట జనరల్ మేనేజరుకు నచ్చలేదు. విశాఖ నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించారు. మెడలో టై, చేతిలో ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసిన నాలుగు కాగితాలు. పైన పటారం, లోన లొటారం. ఆయన కంప్యూటర్ పెట్టె మూత కూడా విప్పలేదు. కాగితంలో అన్నిటికన్నా పెద్ద వేగం ఏదో చూసి ఆ ఆదేశం కొట్టాడు. ఈ కేబుల్‌తో ఆ వేగం పనికిరాదని లినక్స్ మర్యాదగానే తిరస్కరించింది. ఆ గదిలో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే. ఆయన ఊరుకోలేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే బూటింగు ఫైలులో ఒక మాట చేర్చి, ఎనభై తీగల కేబులే ఉందని దానికి అబద్ధం చెప్పాడు. లోపం వచ్చి డిస్క్ రీసెట్ అయినా ఆ వేగం వదలొద్దని మరో ఆదేశం తగిలించాడు. ఆ తర్వాత వేగం కొలిచే పరీక్ష నడిపాడు. అదీ భోజనాల వేళ, కాటా మీద ఒక్క బండి కూడా లేనప్పుడు. తెర మీద పెద్ద అంకె వచ్చింది. మేనేజర్లిద్దరూ మురిసిపోయారు.

కేబుల్ సంగతి మా మేనేజరు చెవిన వేశాను. పెద్దవాళ్లు తేల్చిన విషయంలో నీ గొడవేమిటన్నాడు. పరీక్ష రిపోర్టు కింద నా సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టాను.

మర్నాడు పొద్దున బండ్లు వరసగా కాటా ఎక్కడం మొదలైన కాసేపటికే తెర నిండా డిస్క్ లోపాల సందేశాలు పరిగెత్తాయి. తర్వాత అంతా బిగుసుకుపోయింది. కన్సల్టెంటు రీసెట్ బటన్ నొక్కాడు. మెమరీలో ఉండి డిస్క్ మీదికి చేరని తూకాలన్నీ గాలికి పోయాయి.

సరుకుతో ఉన్న బండ్లను మళ్లీ తూచారు. సబ్బవరం వైపు నుంచి వచ్చిన అప్పలనాయుడనే రైతు చెరకు మాత్రం అప్పటికే క్రషర్‌లో పడిపోయింది. ఖాళీ బండితో, చేతిలో టోకెన్‌తో కాటా ముందు నిలబడ్డాడు. ఆ రోజు బండ్ల సగటు బరువు వేసెయ్యమని జనరల్ మేనేజరు ఫోన్లో సెలవిచ్చాడు. అది శాస్త్రీయమైన పద్ధతేనని కన్సల్టెంటు వత్తాసు పలికాడు.

“సగటేటి బాబూ?” అన్నాడు అప్పలనాయుడు. “నాను ఎడ్లు లాగలేనంత ఎక్కించి తెచ్చేను. ఎనకోడు సగం బండి తెచ్చేడు. ఆడి తక్కువ నా నెత్తినెందుకెడతారు?” నా వైపు తిరిగాడు. “ఈ పెట్టి మర్సిపోనాది, సరే. తూసినప్పుడు తమరిక్కడే ఉన్నారు గదా. తమరు సెప్పండి.”

నాకు అంకె తెలియదు. కంప్యూటర్ చూసుకుంటుంది కదా అని నేను చూడనేలేదు. ఆ మాటే చెప్పి, సగటు బరువుతో స్లిప్పు తీసిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బండి తోలుకుపోయాడు.

ఆ సాయంత్రమే అబద్ధపు మాట తీసేసి పాత వేగానికి తెచ్చాను. కన్సల్టెంటు తన నివేదికలో తప్పంతా మా ఊరి కరెంటు మీదికి నెట్టి వెళ్లిపోయాడు. కేబుల్ మరుసటి వారం వచ్చింది.

ఖాళీ కాటా మీద కొలిచిన వేగం వేగం కాదు. యంత్రం కాదన్నప్పుడు దాన్ని నమ్మించే ముందు మూత విప్పి చూడాలి. ఈ రెండూ ఆ టై పెద్దమనిషికి తెలియవు. నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను కాబట్టి అప్పలనాయుడి బండి బరువు పోగొట్టింది ఆయన కాదు, నేను.