ఓడ పేరు రాసినందుకు ఖాళీ చేసిన ఇల్లు

మొన్న ఆదివారం బెండకాయలు తరుగుతూ ఫోను చూస్తే, వాంకూవర్‌లో ఎవరో కుర్రకారు నల్లచారల ఖైదీ బట్టలు తొడుక్కుని, కాళ్లకు ప్లాస్టిక్ గొలుసులు తగిలించుకుని, నవ్వుతూ కేకు కోస్తున్న ఫొటోలు కనిపించాయి. తమ వంశంలో ఒక ఆడఖైదీ ఉందని తెలిసిన సందర్భంగా పండగ చేసుకుంటున్నారట, ఏళ్ల తరబడి శ్రమించి ఆ సంగతి వెలికితీసిన పెదనాన్నకు కృతజ్ఞతలట. ఆ పెదనాన్న ఎవరో నాకు తెలుసు, ఆయన ఎంత శ్రమించాడో కూడా తెలుసు. కత్తిపీట పక్కకు తోసేశాను. ఆ పూట కూర మా ఆయనే చేసుకున్నాడు.

నాలాగే ఆ రోజుల్లో స్టూడెంట్ వీసా మీద కెనడాకు వచ్చినవాళ్లకు నా బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. విమానం నిండా మన పిల్లలే ఉండేవారు. నా వయసు మాత్రం నలభైకి దగ్గర. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం మానేసి, ఇక్కడ ఇరవై ఏళ్ల పిల్లల పక్కన కూర్చుని డిప్లొమా చదువుతూ, బస్సెక్కి బ్రాంప్టన్ వెళ్లి గోడౌన్‌లో పెట్టెలకు టేపు వేసేదాన్ని. తెలుగువాళ్ల ఉగాది వేడుకకు వెళితే, అమెరికా మీదుగా వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడిన ఒక అంకుల్ ముందుగా అడిగిన ప్రశ్న, “ఏ రూట్లో వచ్చారమ్మా, పీఆరా, స్టూడెంటా?” అని. పీఆర్ అంటే శాశ్వత నివాసానికి ఇచ్చే అనుమతి. స్టూడెంటునని చెప్పగానే ఆయన చూపు నా భుజం మీదుగా వెనకున్న వాళ్ల మీదికి వెళ్లిపోయింది. ఆ చూపు నేను మరచిపోలేదు, మరచిపోను కూడా.

ఎటోబికోలో నేను మరో అమ్మాయితో కలిసి ఉండే బేస్‌మెంట్ పై అంతస్తులో ఇంటి యజమానురాలు ఒంటరిగా ఉండేది. చూపు మందగించిన పెద్దావిడ. నేను చరిత్ర చెప్పేదాన్నని తెలిసి, తన పూర్వీకుల వివరాలు కంప్యూటర్లో వెతికి చదివిపెట్టమంది. వాళ్లది ఆస్ట్రేలియా నుంచి కెనడాకు వచ్చిన కుటుంబం. ఆ దేశం ఇంగ్లండు వలసగా ఉన్నప్పుడు అక్కడికి రెండు రకాల జనం చేరారు. శిక్షపడి ఓడల్లో తరలించబడ్డ ఖైదీలు కొందరు, తమంతట తాము వెళ్లి భూములు చేసుకున్న స్వేచ్ఛా వలసదారులు కొందరు. వాళ్ల మూలపుటమ్మ అన్నతో కలిసి స్వేచ్ఛగానే అక్కడి టాస్మానియా దీవికి వచ్చి ఒక రైతును పెళ్లాడిందని ఇంట్లో చెప్పుకునేవారు. పెద్దావిడ అక్క కొడుకు, రిటైరైన హెడ్మాస్టరు, ఆ రైతు ఇంటిపేరు పట్టుకుని పైకి వెళ్లి, ఆయన స్వేచ్ఛగా వచ్చినవాడేనని తేల్చి, అక్కడితో ఆపేశాడు. పెళ్లికూతురి వైపు ఎవరూ చూడలేదు.

మనం అలా ఊరుకుంటామా? సంబంధం అనగానే పిల్ల పుట్టింటివారెవరు, మేనమామ ఎవరు, అన్నదమ్ములెందరు అని కూపీ లాగే ఇళ్లలో పెరిగాం. నేను ముందు ఆ పెళ్లి వివరాలు చూశాను. చర్చిలో సాక్షి సంతకాలు చేసినవాళ్లిద్దరూ పరాయివాళ్లే, అన్న పేరు లేదు. కలిసి సముద్రాలు దాటి వచ్చిన అన్న చెల్లెలి పెళ్లికి రాకపోవడమేమిటని నా ప్రాణం ఊరుకోలేదు. గోడౌన్‌లో టేపు వేస్తూ కూడా అదే ఆలోచన. తీరా వెతికితే, ఆ అన్న టాస్మానియాలో దిగిందే ఆమె పెళ్లయి పిల్లలు పుట్టాక. మరి ఆమె ఎవరితో వచ్చింది? ఆ పెళ్లికి సర్కారు అనుమతి తీసుకున్నారని తర్వాత తెలిసింది. వధూవరుల్లో ఒకరైనా ఖైదీ అయితేనే ఆ అనుమతి కావాలి. వరుడు కాడని హెడ్మాస్టరుగారే తేల్చారు కదా! అనుమతిలో ఆమె వచ్చిన ఓడ పేరు ఉంది, అది ఆడఖైదీలను తెచ్చిన ఓడ. పనిచేసే ఇంట్లో బట్ట తాను దొంగిలించిందని శిక్ష వేశారు. ఆ చెల్లెలిని వెతుక్కుంటూ ఏళ్ల తర్వాత అన్న అంతదూరం వచ్చాడని అర్థమై, ఎవరో ఏమిటో తెలియని వాళ్ల కోసం నేను కళ్లు తుడుచుకున్నాను.

పూర్వీకురాలి ఆచూకీ దొరకడం శుభవార్తే కదా అనుకుని రవ్వలడ్లు చేసి మరీ పైకి తీసుకువెళ్లాను. మీ అమ్మమ్మ అమ్మమ్మ దొంగతనం చేసిందని చెప్పడానికి మిఠాయి పట్టుకెళ్లినదాన్ని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. పెద్దావిడ ఒక లడ్డు చేతిలోకి తీసుకుంది. దాన్ని కొరికి, “మంచి బట్టేనా?” అని అడిగింది. పట్టు అన్నాను. “అయితే సరే,” అని, వేసవిలో బంధువులంతా కలిసేటప్పుడు గోడకు పెట్టబోయే వంశవృక్షంలో ఆమె పేరు పక్కన ఆ ఓడ పేరు ఉండి తీరాలని నా చేత మాట తీసుకుంది.

హెడ్మాస్టరు మాత్రం పుట్టింటి కూపీ సంగతితో సహా నేను పంపినదంతా చూసి, నా శ్రమకు సంతోషమని, అయితే మా దేశపు మేనమామల అలవాట్లు తమ కుటుంబాలకు వర్తించవని జవాబిచ్చాడు. వర్తించకపోవడానికి అదేమన్నా అలవాటా, ఓడ కదా!

వేసవిలో ఆ రోజు రానే వచ్చింది. హాలు నిండా బంధువులు, గోడంత వంశవృక్షం. హెడ్మాస్టరు నన్ను అందరికీ చూపించి, బేస్‌మెంట్‌లో ఉండే స్టూడెంటు, టైపు చేసి పెట్టింది అని చెప్పి, వెంటనే కాఫీ దగ్గర ఎవరూ లేరు కాస్త చూస్తావా అన్నాడు. నేను కదల్లేదు. పెద్దావిడ వీల్‌చెయిర్‌లో గోడ దగ్గరికి వచ్చి, ఆమె పేరు పక్కన ఏం రాశారో చదవమంది. అన్నతో కలిసి వచ్చిన స్వేచ్ఛా వలసదారు అని గట్టిగా చదివాను. “మనం అనుకున్నది అది కాదే,” అందావిడ. హెడ్మాస్టరు జేబులోని పెన్ను అడిగి తీసుకుని ఆ ముక్క కొట్టేసి, ఓడ పేరు రాశాను. పెద్ద అక్షరాలతో రాయి అంది పెద్దావిడ. రాశాను.

చలి మొదలయ్యేసరికి పెద్దావిడను వృద్ధాశ్రమంలో చేర్చారు, ఇంటి తాళాలు హెడ్మాస్టరు చేతికి వచ్చాయి, ఆయన మొదట చేసిన పని నన్ను ఖాళీ చేయమనడం. నాతో గది పంచుకున్న వరంగల్ అమ్మాయి సామాను కడుతూ నెత్తి కొట్టుకుంది. “ఎవరి ముత్తవ్వ ఎట్లొస్తే నీకేందక్కా? పీఆర్‌కి అప్లై చేసినం, అది ఒచ్చేదాకా నోరు మూస్కోవాలె గదా!” నోరు మూసుకుంటే వచ్చేదేదో నాకు అక్కర్లేదన్నాను. “అయితే ఈ పరుపు నువ్వే మొయ్యి,” అంది, కానీ రెండో కొస తనే పట్టుకుంది.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. వాంకూవర్ పిల్లలు కృతజ్ఞతలు చెప్పుకున్న పెదనాన్న ఆ హెడ్మాస్టరే. అవమానమనుకున్నది వాళ్లింట్లో ఇన్ని తరాలకు అలంకారమైంది. మనం వచ్చిన దారి మనకు అవమానం కావడానికి మాత్రం ఒక తరం కూడా అక్కర్లేకపోయింది. ఒకే బేస్‌మెంట్‌లో ఒకే కుక్కర్ చుట్టూ కూర్చున్న రోజుల్లో ఎవరు గిన్నెలు తోముతున్నారో, ఎవరి పీఆర్ ఫైలు వెనక్కొచ్చిందో అందరికీ తెలుసు, ఒకరి ముందు ఒకరికి సిగ్గుండేది కాదు. ఇప్పుడు అదే మనుషులు రెండు గ్యారేజీల ఇళ్లలో కూర్చుని, ఈ స్టూడెంట్లు వచ్చి దేశం పాడైపోయిందని పెదవి విరుస్తారు. మా ఆయన కూడా మా అమ్మాయితో మేం నేరుగా పీఆర్ మీదే వచ్చామంటాడు. కాదే తల్లీ, నేను స్టూడెంటుగా వచ్చి పెట్టెలకు టేపు వేశాను, మీ నాన్న నిన్ను ఎత్తుకుని నా వెనక వచ్చాడు అంటే, “ఓకే అమ్మా, బట్ నోబడీ నీడ్స్ టు నో,” అంటుంది. నలుగురు చేరినప్పుడల్లా స్టూడెంటుగా వచ్చానన్న మాట నేను అంటూనే ఉంటాను. అనగానే ఎవరో ఒకరు టీ పెట్టనా అని లేస్తారు.