రోజూ పావుగంట సమ్మె

మా చౌడప్పన్నకు ఒకటే జబ్బు. సమ్మె. కోలారు బంగారు గనుల పక్క ఆండర్సన్‌పేటలో మూడు టీవీలు, మూడు గేమ్ మిషన్లు పెట్టుకుని అంగడి నడిపే మనిషి, ఆ మిషన్లు తయారుచేసిన కంపెనీ మీదే నాలుగేండ్లుగా సమ్మె చేస్తున్నాడు. ఆ సంగతి ఆ కంపెనీకి ఇంతవరకూ తెలీదు. మాకే తెలుసు. తెలిసీ తెలిసీ మేమే అలిసిపోయినాము.

సమ్మె అంటే ఉత్త మాటలు కాదు. రోజూ సరిగ్గా నాలుగ్గంటలకు లేచి పోయి కరెంటు మెయిన్ ఆపేస్తాడు. పావుగంట. మ్యాచ్ మధ్యలో ఉన్నా అంతే, పెనాల్టీ కొట్టబోతున్నా అంతే.

"అన్నా, ఒక్క నిమిషమన్నా! గోలు పడతా ఉండాది!"

"పడనీలేప్పా. సమ్మె అన్నాక మా తాత ఇంగొక్క రాయి కొట్టి వస్తానన్నాడా?"

"మీ తాత గోలు కొడతా ఉండలేదు గదన్నా."

"బంగారం తీస్తా ఉండె. అదే ఆపినాడు. నీ గోలు ఏపాటిది?"

వాళ్ల తాత చిత్తూరు పక్కనుంచి వచ్చి గనిలో దిగినోడు. ఆయన ఎన్ని సమ్మెలు చేసినాడో నాకు తెలీదు గానీ, వాటి గురించి నేను విన్న రోజులు మాత్రం ఆయన చేసిన రోజులకంటే ఎక్కువే. నేను బీకాం రెండో ఏట కోలారు కాలేజీ వదిలేసి వచ్చినోణ్ని. ఇన్ని ఉపన్యాసాలు వినేదుంటే అక్కడే ఉందును. అక్కడ ఫ్యానైనా తిరుగుతా ఉండె.

ఆ కంపెనీ పేరు చౌడప్పన్న నోట రాదు. "వాడు" అంటాడు. పేరు పలికినా వానికి ఊరికే ప్రచారం చేసినట్టేనంట. మిషన్ల మీద గుర్తు కనిపించకుండా నల్ల టేపు అంటించినాడు. మా అవ్వ కూడా తాత పేరు ఇంత గట్టిగా దాచలేదు.

"వాడు చేసిన పాపమేమన్నా అంత?" అని కొత్తోడెవడైనా అడిగితే, ఇంగ మేమంతా గోడకు ఆనుకుని కండ్లు మూసుకుంటాము.

"ఏమా? పక్కింటోనితో ఆడేదానికి కూడా నెలనెలా వానికి కప్పం కట్టల్ల. దుడ్డిచ్చి కొన్న ఆటను వానికి బుద్ధి పుడితే వెనక్కి లాక్కుంటాడు. నువ్వు ఇల్లు కొంటివి, నెల పోతానే అమ్మినోడు వచ్చి తలుపులు ఎత్తుకుపోతే ఊరుకుంటావా? చేతిలో పట్టుకునే కంట్రోలర్ ఆరు నెలలకు చెడిపోతాది, బాగుచెయ్యమంటే కొత్తది కొనుక్కో అంటాడు. వానికి నా చేతిమీదుగా ఒక్క పైసా పోదు. ఇది నా ఒట్టు."

ఒట్టు నిజమే. మూడు మిషన్లూ బెంగళూరులో నలుగురి చేతులు మారినవే. డిస్కులూ పాతవే. కంట్రోలర్లు ఆయనే విప్పి, తుడిచి, అతికించి నడిపిస్తాడు. నా దానిలో ఎడమకు తిప్పితే ఆటగాడు కొంచేపు ఆలోచించుకుని పోతాడు.

నేను నోరు కట్టుకునే రకం కాదు. "వాడు నచ్చకపోతే అంగడి మూసెయ్యన్నా. లేదంటే గమ్మున ఉండు. తిడతానే ఆడేది ఏం న్యాయం?" అని చాలాసార్లు అడిగినాను. నవ్వి, మెయిన్ ఆపేస్తాడు.

ఆయన సమ్మెను మనసారా నమ్మినోడు మా అందరిలోకీ ఒక్కడే. మునేషన్న. ముప్పై ఏండ్లుంటాయి. ఫుట్‌బాల్ ఆటలో వాణ్ని కొట్టినోడు ఈ పేటలో లేడు. మేము పావుగంట ఎదురు బేకరీలో పఫ్‌లు తింటుంటే, వాడు మాత్రం చౌడప్పన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

పోయిన మామిడి సీజన్‌లో మునేషన్న శ్రీనివాసపురంలో పెట్టెలకు చెక్కలు కోసే పనికి పోయినాడు. రంపం మిషన్ కుడిచేతి బొటనవేలు, ఇంగ రెండు వేళ్లు తీసుకుపోయింది. ఏడు నెలలు అంగడికి రాలేదు. మా వీధిలో పోవాల్సి వస్తే అటు పక్కనుంచి, తల వంచుకుని పోయేవాడు. పిలిస్తే పని ఉందనేవాడు. ఏం పని ఉంది పాపం.

ఒక మంగళవారం నేను అంగడికి పోయేసరికి బల్లమీద కొత్త పెట్టె. దానిమీద కంపెనీ పేరు ఇంతింత అక్షరాలతో. టేపు లేదు. బిల్లు చౌడప్పన్న పేరు మీదే!

నాలుగేండ్ల అలసట ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది. వీధికంతా వినపడేలా అరిచినాను.

"కరుంగాలి!"

గని రోజుల తమిళం మాట అది. అందరూ సమ్మెలో ఉంటే దొంగగా పనిలోకి పోయినోణ్ని అట్లా అంటారు. మా ఊర్లో దానికి మించిన తిట్టు లేదు. పెట్టె తెరవకముందే బేకరీకి తెలిసింది, సాయంత్రానికి పేటంతా తెలిసింది. చౌడప్పన్న మాత్రం చెవులు గోక్కుంటా, "బొటనేలు నొస్తా ఉండాది. నా కోసం తెచ్చుకున్నా," అన్నాడు.

అందరూ పోయినాక నేను పెట్టె తెరిచినాను. లోపల ఉన్నది మామూలు కంట్రోలర్ కాదు. వెడల్పాటి పలక, దానిమీద సాసర్లంత బటన్లు. అరచేత్తో తట్టినా, మోచేత్తో నొక్కినా పనిచేస్తాయి. వేళ్లతో పనే లేదు.

నా అరుపుకు నాకే సిగ్గేసింది. ఇది మా ఇంట్లో చెప్పినా నమ్మరు.

"మునేషన్నకా?"

"మెల్లగా మాట్లాడు. వానికోసం అని తెలిస్తే వాడు గడప తొక్కడు. పాపం అనుకుని టీ ఇప్పిస్తే కూడా తాగని నాయాలు."

"మరి నీ ఒట్టు?"

"ఇట్లాంటిది ఆ కంపెనీవాడు తప్ప ఇంగెవుడూ చెయ్యలేదప్పా, ఈ మిషన్లకు. వెతికినా. దొరకలే."

"మరి పెట్టె అట్లా అందరికీ కనపడేలా పెట్టుకుంటే ఎట్లన్నా? దాచిపెట్టుకోకూడదా?"

"నీకు కనపడల్లనే పెట్టినా. నీ నోటికి తెలిస్తే మైకు కట్టే పని లేదు. నేను కరుంగాలి అయినానని వింటే వాడు తిట్టేదానికైనా వస్తాడు."

మర్నాడే మునేషన్న వచ్చినాడు. చెయ్యి జేబులో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడినాడు. "ఏమన్నా, నిజమేనా? నాలుగేండ్లు నన్ను నిలబెట్టి, నువ్వు పోయి వానికి దుడ్లు కట్టొచ్చినావా?"

"కట్టినా."

"సిగ్గులేదా?"

"ఉండాది. అయితే ఒకటి చెప్పు మునేషా. మా తాత గని కంపెనీ మీద సమ్మె చేసినాడు. సమ్మె అయినాక గనిలోకి దేంట్లో దిగినాడు?"

"కేజీలో, ఆ ఇనుప బోను లిఫ్టులో."

"ఆ లిఫ్టు ఎవునిది?"

మునేషన్న నోరు తెరిచేలోపే చౌడప్పన్నే చెప్పినాడు.

"కంపెనీది. కంపెనీ లిఫ్టులో దిగినాడు, కంపెనీనే తిట్టినాడు. తాడు కట్టుకుని దిగలేదప్పా."

"అంటే వాడు మంచోడంటావా?"

"యాడ మంచోడు? దొంగ నాయాలే. ఈ ఒక్కటి బాగా చేసినాడు. నాకు చేతకావడంలే, నువ్వు ఒక మాటు చూసి చెప్పు."

మునేషన్న ఆ పలకను చాలాసేపు చూసినాడు. "నీకు నొచ్చేది ఏ బొటనేలన్నా?"

చౌడప్పన్న కుడిది ఎత్తినాడు. తర్వాత ఎందుకైనా మంచిదని ఎడమది కూడా ఎత్తినాడు. "రెండూనప్పా."

మునేషన్న జేబులోంచి చెయ్యి తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నేను ఎదురు కుర్చీలో కూర్చోబోతుంటే చౌడప్పన్న నా భుజం నొక్కినాడు. "కావాలని ఓడిపోయినావంటే చంపేస్తా. వానికి తెలిసిపోతాది. నిజంగా ఆడు."

నిజంగానే ఆడినాను. మునేషన్న అరచేత్తో తట్టేది ఒకటి, ఆటగాడు చేసేది ఇంకొకటి. బంతి దగ్గరికొస్తే వాని ఆటగాడు గాల్లోకి ఎగురుతాడు. ఏడు-సున్నా.

మునేషన్న నన్ను, కంపెనీని, టీవీని, మా తాతముత్తాతలను వరసగా తిట్టి లేచినాడు. గుమ్మం దాటి మళ్లీ వెనక్కి తిరిగినాడు.

"రేపొస్తా. పారిపోవద్దు."

వాడు వీధి మలుపు తిరిగేదాకా చౌడప్పన్న చూస్తూనే ఉన్నాడు. ముఖమంతా నవ్వే. తర్వాత నా వైపు తిరిగినాడు, నవ్వు లేదు.

"రే నందీశా."

"ఏమన్నా?"

"నిజంగా ఆడమన్నా సరే. దానికని ఏడు కొడతావా?"