కుల్సుం పిలుపు

విజయవాడ వన్ టౌన్‌లో పెళ్లి కుదిరిందంటే ఒకప్పుడు మొదటి కబురు కుల్సుం ఇంటికే వెళ్లేది. పంజా సెంటర్ నుంచి చిట్టినగర్ దాకా గడప గడపకీ తిరిగి, పెళ్లివారి తరఫున ఆడవాళ్లని పిలిచి రావడం ఆమె పని. ఊరికే పిలిచి వచ్చే రకం కాదు. "వస్తాం" అని నోటితో అనిపించుకునేదాకా గుమ్మం దిగేది కాదు. కుల్సుం పిలిచాక రానివాళ్లు లేరని పేరు. ఆ పేరే ఆమె ఆస్తి. తరవాత కార్డులు వాట్సాప్‌లో రావడం మొదలై ఆమె కాళ్లకి పని లేకుండా పోయింది. అయినా పిలుపంటే ఆవిడకి ఇప్పటికీ ప్రాణం.

ఆ ప్రాణమే కొంప ముంచబోయింది.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున, బట్టల కొట్టు ఇష్తియాక్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. "మా అబ్బాయి పెళ్లి. కార్డు తెరిచి చూసి తప్పక రాగలరు." వచ్చిన పిలుపుని తెరవకుండా వదిలేయడం కుల్సుం ఇంటా వంటా లేదు. నొక్కింది. కార్డు కనపడలేదు గానీ ఫోన్ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఇది ఎక్కించమంటారా, మీ మెసేజ్‌లు చదవమంటారా అని. పెళ్లివారు అడిగితే కాదనడం మర్యాదా? అన్నిటికీ సరే అంది మహాతల్లి.

కాసేపటికి కూతురు నుస్రత్ తన ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మీ, నాకు పెళ్లికార్డు పంపావేంటి?"

"నేనెక్కడ పంపానే?"

నుస్రత్ తల్లి ఫోన్ లాక్కుని చూసింది. అందులో ఉన్న నంబర్లన్నిటికీ అదే కార్డు కుల్సుం పేరుతో వెళ్లిపోయింది. "ఇది కార్డు కాదమ్మీ, దొంగ యాప్. నొక్కినవాళ్ల ఫోన్‌లో దూరి, ఓటీపీలు చదివి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తారు," అంటూ ఫోన్ ఆపేసి సిమ్ము పీకేసింది. తన ఫోన్ నుంచి సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టి, తల్లి ఖాతా నిలిపేయించే పనిలో పడింది.

కుల్సుంకి భయం పట్టుకుంది. తన డబ్బు కోసం కాదు. తన పేరు చూసి నమ్మి ఎంతమంది నొక్కుతారోనని. చెబుదామంటే నంబర్లన్నీ ఆపేసిన ఫోన్‌లోనే ఉన్నాయి. ఇళ్లు మాత్రం ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఖాతా సంగతి నువ్వు చూడు. నా పేరు సంగతి నేను చూసుకుంటా," అని బురఖా వేసుకుని ఆటో ఎక్కింది.

వించిపేటలో అఫ్సా వేలు అప్పటికే కార్డు మీదుంది. "ఆగవే!" అని కుల్సుం వీధిలోంచి వేసిన కేకకి చుట్టుపక్కలవాళ్లంతా బయటికొచ్చారు. మంచిదే అయింది, అందరికీ ఒకేసారి చెప్పింది. "నా పేరుతో వచ్చిన కార్డు తెరిచారంటే నా మీద ఒట్టే!" కొత్తపేటలో పద్మావతమ్మ నొక్కనే నొక్కేసింది. ఆవిడ ఫోన్ అక్కడికక్కడే ఆపించి, వాళ్లాయన ఫోన్ నుంచి బ్యాంకుకి చేయించి, ఖాతా నిలిపేశామన్న మాట చెవులారా విన్నాకే కదిలింది.

చిట్టినగర్‌లో తెరేసమ్మ గుమ్మం చేరేసరికి కుల్సుం ఆయాసపడుతోంది. "తెరిచావా?" అంది.

"నేనెందుకు తెరుస్తాను, ఆపా? నువ్వు ఫోన్లో పిలవడమేంటి! వస్తానని అనిపించుకునేదాకా గుమ్మం వదిలే మనిషివా? ఏదో తిరకాసుందని ముట్టుకోలా. మా వీధిలో వాళ్లకీ వద్దని చెప్పా."

కుల్సుం అరుగు మీద కూలబడి ఏడ్చేసింది. సంతోషం పట్టలేక.

ఆమె పిలిచే ఇళ్లలో ఎవరిదీ రూపాయి పోలేదు. ఆమెదీ పోలేదు. నెల తిరక్కుండానే ఇష్తియాక్ ఆమె ఇంటికొచ్చాడు. పాపం, అతని ఫోన్‌నీ దొంగలు అలాగే పట్టుకున్నారు.

"ఆపా, మావాడికి నిజంగానే పెళ్లి కుదిరింది. ఫోన్లో కార్డు పంపితే ఒక్కరూ తెరవట్లేదు. మీరే వెళ్లి పిలవాలి."

"ఏంటీ? సరిగ్గా వినపళ్లేదు," అంది కుల్సుం.

ఇష్తియాక్ ఈసారి వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పాడు.