సామేలు అయ్యవారు ఎంచిన కీబోర్డు

ఆదివారం చర్చిలో పాట మొదలుకాబోయే ముందు స్పీకరు గుయ్యిమంటుంది. దుమ్ము పట్టిన ప్లాస్టిక్కు వేడెక్కిన వాసన వస్తుంది. ఆ వాసనకు నంద్యాలలో గడిపిన ఒక మధ్యాహ్నం, సామేలు అయ్యవారు గుర్తొస్తారు. ఆయన బడిపంతులు. మా ఆళ్లగడ్డ చర్చిలో హార్మోనియం వాయించేవారు. మూడో తరగతితో ఆగిపోయిన నాకు పాటల పుస్తకం మీద వేలు పెట్టించి చదవడం నేర్పింది ఆయనే.

పంతొమ్మిది వందల ఎనభైల్లో ఆయన ఎడమచేయి హార్మోనియం తిత్తి ఆడించలేనంత బలహీనపడింది. అప్పుడే పడుచువాళ్లు మా పాటలు క్యాసెట్టు చేద్దామని, దానికి కీబోర్డు కావాలని పట్టుబట్టారు. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదల్లా స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బు. వంటకు బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తెస్తే, అవి అమ్మి కూడబెట్టినది. కూలికి పోయే ఆడవాళ్లు కడుపు తగ్గించుకుని తెచ్చిన గింజలు. దాని పెత్తనం నాది. పనికిరానిది కొంటే మళ్లీ కొనడం మా వల్ల కాదు. అందుకే అయ్యవారిని వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

పెళ్లిళ్లలో పాటకచేరీలు చేసే ఒకాయన ఇంట్లో రెండు పాతవి అమ్మకానికి ఉన్నాయి. ఒకటి దీపాలతో మెరుస్తోంది, ధరా తక్కువే. రెండోదాని మెట్లు పసుపుబారాయి, మూల పగిలింది, ధర మాత్రం ఎక్కువ. నేను మెరిసేదాని మీదే చేయి వేశాను. అయ్యవారు వాదించలేదు.

“నీవే నొక్కి చూడు రత్నమ్మా. నేను చెప్పినానని కొనొద్దు. రేపు సమాజంలో నిలబడి చెప్పాల్సింది నీవు.”

సిగ్గుపడుతూ ఒక మెట్టు నొక్కితే మోగింది. నాలుగు కలిపి నొక్కమన్నారు. రెండే పలికాయి. పసుపుబారినదాంట్లో నాలుగూ పలికాయి. ఆ తర్వాత ప్రతి మెట్టూ వరసగా నొక్కించారు. బ్యాటరీల మూత తీయించి లోపల చిలుము పట్టిందేమో చూడమన్నారు. అమ్మే ఆయనకు విసుగొచ్చింది.

“ఏంది పెద్దాయనా, ఎద్దును కొంటాండారా?”

“ఎద్దయితే పండ్లు చూస్తే చాలప్పా. దీనికి అన్నీ చూడాల.”

పసుపుబారినదే కొన్నాం. తిరుగు బస్సు శిరివెళ్ల దాటాక, ఒళ్లో దాని బరువు మోస్తూ, ఇది వచ్చినాక మీ హార్మోనియం ఎక్కడ పెడతారని అడిగాను.

“బీరువా మీద చోటుందిలేమ్మా.”

తర్వాతి ఆదివారం నుంచి ఒక పడుచువాడు వాయించేవాడు. అయ్యవారు మగవాళ్ల వరసలో చాప మీద కూర్చున్నారు. వేళ్లు మాత్రం మోకాళ్ల మీద కదులుతుండేవి.

క్యాసెట్టు అట్ట మీద ఎవరి పేర్లు వేయాలని పడుచువాళ్లు నన్నే అడిగారు. వాయించినవాడి పేరు, పాడినవాళ్ల పేర్లు, బియ్యం తెచ్చిన ఆడవాళ్ల పేర్లు ఒక్కటీ పోకుండా చెప్పాను. అయ్యవారి పేరు నాకు తోచలేదు. అచ్చయి వచ్చిన కాగితం చూపిస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చదివారు. అప్పుడు తెలిసింది నాకు.

“బియ్యం తెచ్చిన మార్తమ్మ పేరు పడింది చూడు. ఆమెకు చదువు రాదు గదా, నీవు చదివి వినిపించు. సంతోషపడతాది” అని కాగితం మడిచి నా చేతికిచ్చారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ చర్చిలో ఏ పనికైనా పేర్లు రాస్తుంటే పక్కన కూర్చుంటాను. అయిపోయిందంటే, ఇంకెవరు మిగిలారో చూడండని మళ్లీ మొదటినుంచి చదివిస్తాను. వాళ్లు విసుక్కుంటారు. నాకూ ఓపిక లేదు. అయినా చదవమంటాను.