మస్తానమ్మవ్వ హజ్ టీకాకు వెళ్ళిన గురువారం

మద్రాసు చెన్నై అయిన కొత్తల్లో మా పక్కింటి మస్తానమ్మవ్వ హజ్‌కు బయలుదేరింది. తోడు వెళ్ళే తమ్ముడు నెల్లూరులో ఉన్నాడు. అంతకు ముందు ఎగ్మోరు వైద్య శిబిరంలో మెనింజైటిస్ టీకా వేయించుకుని, ఆరోగ్య సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేకపోతే ప్రయాణం లేదు. ఫారాలు ఇంగ్లీషులో ఉంటాయని, కాన్వెంటులో చదివినదాన్నని నన్ను రమ్మంది. పుస్తకాల్లో మాత్రమే చదివిన ఆ యాత్ర ఎలా మొదలవుతుందో చూడాలని నేనూ ఒప్పుకున్నాను.

ఉదయం ఏడున్నరకు వాషర్‌మెన్‌పేట్‌లో బస్సెక్కి ప్యారిస్ కార్నర్‌లో దిగాం. టికెట్టు రెండు రూపాయలు. అక్కడి నుంచి ఆటోకు ముప్పై. హజ్ సంగతి విన్న డ్రైవరు అవ్వను తమిళంలో పిలుస్తూ, "పాటీ, నా ఆటో బాగా నడవాలని అక్కడ ఒక మాట చెప్పండి" అన్నాడు.

"ముందు నువ్వు మీటరెయ్యి నాయనా. మిగతాది అల్లా చూసుకుంటాడు."

శిబిరం ముందు కాఫీ తాగుదామంటే అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఏడు గురువారాలు రోజా ఉంటానని మొక్కుకున్నా మే. ఇది ఏడోది. షుగరు మాత్ర తెల్లారకముందే వేసుకున్నాలే. ఆడ మాత్రం షుగరని చెప్పబాక. నన్ను ఆపేస్తారు."

ఫారంలో జబ్బుల గడిలో 'లేవు' అని రాశాను.

పదకొండయింది. మా ముందు ఇంకా పాతికమంది ఉన్నారు. అవ్వ ముఖం చెమటతో తడిసింది, చేతులు వణుకుతున్నాయి. "ఈడ చీకటిగా ఉందేందే" అంది. కొత్తవాళ్ళను టైము అడగడానికే జంకే నేను వరుస దాటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఆమెకు షుగరుంది. మాత్ర వేసుకుని ఉపవాసం ఉంది. ఫారంలో నేను తప్పు రాశాను."

డాక్టరమ్మ రక్తం చుక్క తీసి చూసి, షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు నీళ్ళు కలిపి తెచ్చింది. అవ్వ పెదవులు బిగించింది. మా వెనకున్న పెద్దాయన ముందుకు వంగి, "అక్కా, ఒంట్లో బాగలేనోళ్ళకి రోజా నుంచి సెలవుంది. మనం అడక్కుండానే అల్లా ఇచ్చిన సెలవు. తాగు" అన్నాడు. అవ్వ తాగింది.

"షుగరున్నవాళ్ళు ఏటా వెళ్ళొస్తున్నారు పాటీ" అంది డాక్టరమ్మ. "చెప్పకుండా వెళ్ళి అక్కడ ఎండలో పడిపోతే, మీకేం ఇవ్వాలో ఎవరికి తెలుస్తుంది?" గంటసేపు పడుకోబెట్టి, మళ్ళీ రక్తం చూసి, ఫారం తనే దిద్ది, టీకా వేసి సంతకం చేసింది.

తిరుగు దారంతా అవ్వ నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు రోజులూ అంతే.

భక్తి అంటే ఒంటిని మరిచిపోవడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ యాత్రలో మైళ్ళకొద్దీ నడవాల్సింది ఆ ఒళ్ళేనని ఆ వరుసలోనే తెలిసింది. మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే జబ్బు పేరు, మాత్రల పేర్లు, వేళలు ఇంగ్లీషులో ఒక అట్ట మీద రాసి మెడలో వేయండి. ఒక నకలు తోడు వెళ్ళేవారికి ఇవ్వండి. ఈ ఉపాయం నాది కాదు. మూడో రోజు పొద్దున అవ్వే ఒక అట్టముక్క, పెన్ను పట్టుకుని మా గడపలోకి వచ్చింది.

"షుగరని పెద్దచ్చరాలతో రాయి మే. అద్దాలు లేనోళ్ళకీ కనపడాల."