గరిటె రంగమ్మ

సముద్రం అవతలి చెరకు తోటల దీవిలో, నువెల్ ఫ్రాన్స్‌లో తెలుగువాళ్ళింట పెళ్ళి జరిగినా, బారసాల జరిగినా పొయ్యి రాజేసే వేళకి రంగమ్మ అక్కడ ఉండేది. ఎవరూ పిలవక్కర్లేదు. కొంగు బిగించి, వంటవాళ్ళ మధ్యకి చొరబడి, గిన్నెలన్నిటి మూతలూ తీసేది. దీన్లో ఏం వేశారు, పోపుకి ఏ నూనె, ఆ పొడిలో ఏం కొట్టారు అని ఆరాలు తీసేది. అంతటితో ఊరుకుంటేనా? గరిటెతో ఇంత అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకునేది. నైవేద్యమైనా కాకుండా వంట రుచి చూసే ఆడదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? గరిటె రంగమ్మ అని పేరు పెట్టేశారు. ఇంట్లో తిండి చాలదేమో పాపం అని మూతులు తిప్పుకున్నారు. మూతులు తిప్పడానికి ఉన్న ఓపిక, ఎందుకమ్మా అని ఒక్క మాట అడగడానికి ఒక్కరికీ లేకపోయింది.

సంగతేమిటంటే, ఆమె మొగుడు గోపాలానికి నువ్వులు పడవు.

కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి నువ్వుండలు చేసి పెట్టింది. ఒకటి తిన్నాడో లేదో పెదాలు వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి, గొంతులోంచి ఈల వేసినట్టు ఊపిరి. అత్తగారు దిష్టి అని ఉప్పు తిప్పి పోసింది. తెల్లారేసరికి ఎలాగో తేరుకున్నాడు. మరో ఏడాది ఎవరింట్లోనో నువ్వుపొడి కలిపిన కూర తిని మళ్ళీ అదే గతి. ఆ రోజైతే పాడె కట్టాలేమో అనుకున్నారు. దిష్టీ కాదు, దయ్యమూ కాదు, నువ్వులేనని రంగమ్మకి అప్పుడు తెలిసింది. అత్తగారికి చెబితే ఆవిడ నెత్తి బాదుకుంది. "నువ్వులంటే పెద్దలకి నీళ్ళొదిలే గింజ కదే! అది ఒంటికి పడదంటే పెద్దలు ఈణ్ణి ఒద్దన్నట్టే గదా! ఎవరికీ సెప్పకు" అని ఒట్టు వేయించుకుంది. తండ్రి తద్దినాలు అన్నగారే పెడతాడు గనక గోపాలం గుట్టు గడప దాటలేదు.

గుట్టు దాచక తప్పని మనిషే అతను. చెరకు తోటల మధ్య ఎక్కడ రామభజన జరిగినా పాట ఎత్తేది గోపాలమే. మేనమామ మునుస్వామి ఆ భజన బృందానికి పెద్ద. మంచివాడే, మేనల్లుడంటే ప్రాణం. కానీ మడి, ఆచారం అంటే ఆయనకి ఇంకా ప్రాణం. పెద్దలు వద్దన్న మనిషి దేవుడి పాట ఎత్తడమా అని ఆయన అనగలడు. అందుకే రంగమ్మ గరిటె పట్టింది. వంట చూసి, వంటింటి గుమ్మంలో నిలబడి కొంచెం తల ఊపేది. ఆ తల ఊగేదాకా గోపాలం విస్తట్లో చెయ్యి పెట్టేవాడు కాదు. అలా పన్నెండేళ్ళు నెట్టుకొచ్చారు.

ఇంతలో ఎలియాస్ పిలుపొచ్చింది.

ఎలియాస్‌ది సిరియా దేశం. బట్టల మూట భుజాన వేసుకుని తోటలన్నీ తిరిగి అమ్ముకునేవాడు. ఒక వానాకాలం జ్వరంతో వీళ్ళ అరుగు మీద పడిపోతే రంగమ్మే గంజి కాచి పోసి బతికించింది. ఇప్పుడు మూట దించి, వకోవా ఊళ్ళో రైలు స్టేషను పక్కన భోజనాల హోటలు పెట్టాడు. భజనవాళ్ళంతా ఆడవాళ్ళతో సహా వచ్చి ఒక పూట తన చేతి వంట తినాలన్నాడు. మాంసం, చేప, గుడ్డు కూడదని మునుస్వామి ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఎలియాస్ గుండె మీద చెయ్యి వేసుకుని కొత్త గిన్నెలు కొన్నానన్నాడు. ఇక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?

వకోవాలో ఎప్పటిలాగే వాన. బండి దిగీ దిగగానే రంగమ్మ తిన్నగా వంటింటి వైపు నడిచింది. ఎలియాస్ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాడు.

"నో, నో, అమ్మా!" అన్నాడు తనకొచ్చిన ఆ దీవి క్రియోల్ మాటలూ తెలుగూ కలిపి. "నాకు జ్వరం వచ్చిన రోజు నీ పొయ్యి దగ్గరికి నన్ను రానిచ్చావా? ఈ రోజు నువ్వు కూర్చో."

"ఒక్కసారి సూసి ఒచ్చేస్తాను. ఏటి వండినావో సెప్పు పోనీ."

"నోట్లో పెట్టుకున్నాక చెబుతా" అని నవ్వాడు.

నువ్వులున్నాయా అని అడిగేద్దునా అనుకుంది. వెనకాలే మునుస్వామి నిలబడి తల తుడుచుకుంటున్నాడు. ఆయన వినేలా ఎలా అడుగుతుంది? మగవాళ్ళని పొడుగాటి బల్ల దగ్గర, ఆడవాళ్ళని తెర అవతల కూర్చోబెట్టారు. రంగమ్మ తెర అంచునే కూర్చుని, వేలితో కొంచెం పక్కకి తీసి చూస్తూ ఉంది.

ముందు మగవాళ్ళకి వడ్డించారు. పల్చటి రొట్టెలు, ఉల్లిపాయలు వేయించి పైన చల్లిన మసూరుపప్పు అన్నం, లోతు పళ్ళెంలో తెల్లగా, మెత్తగా ఏదో కలిపిన కాల్చిన వంకాయ. దాన్ని చూసి మునుస్వామి మొహం విప్పారింది.

"ఓరి, వంకాయ పెరుగుపచ్చడే! ఈళ్ళూ మనలాగే తింటారన్న మాట."

అందరికీ అలాగే అనిపించింది. నువ్వులంటే నల్లగా దర్భ పక్కన ఉండేవి, లేకపోతే అరిసె మీద అద్దేవి. పొట్టు తీసి వెన్నలా నూరితే పెరుగులా ఉంటుందని ఆ బల్ల దగ్గర ఎవరికి తెలుసు?

గోపాలం రొట్టె తుంచి తెర వైపు చూశాడు. రంగమ్మ తల ఊపలేదు. ఏమని ఊపుతుంది? అతను రొట్టె ముక్కని వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. ఎదురుగా ఎలియాస్ చేతులు కట్టుకుని, మెప్పు కోసం కాచుకుని నిలబడ్డాడు.

"ఏటిరా గోపాలం, పెట్టినాయన ఎదురుగా నిలబడుంటే ఆలోసన ఏటి? తిను" అన్నాడు మునుస్వామి.

గోపాలం రొట్టెని ఆ తెల్లదాంట్లో ముంచాడు.

రంగమ్మ తెర తోసుకుని వచ్చింది. నలుగురు మగవాళ్ళ వెనకనుంచి దూసుకొచ్చి, మొగుడి చేతిలో ముక్క లాక్కుని తన నోట్లో పెట్టుకుంది. పుల్లగా నిమ్మరసం, వెల్లుల్లి, వాటి అడుగున ఆ కమ్మటి చేదు. పన్నెండేళ్ళుగా తన ఇంట్లోకి రానివ్వని రుచి.

"పా మాన్జే!" అని అరిచింది. "తినకు! నువ్వులు!"

బల్ల దగ్గర తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. గోపాలం సిగ్గుతో చచ్చిపోయాడు. "ఏం లేదు మావా, ఆడది ఊరికే కంగారు పడతాంది" అంటూ ఇంకో ముక్క తుంచాడు. పరువు కోసం ప్రాణం తీసుకోవడానికి మగవాడికి ఎంతసేపు పడుతుంది!

రంగమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "మావయ్యా, ఈయనకి నువ్వులు పడవు. తింటే ఊపిరి ఆగిపోద్ది. రెండుసార్లు సూసినాను. ఇంక సూడలేను. అత్తకి ఒట్టేసి దాసినాను. పెద్దలు ఒద్దన్నారో ఏటో నాకు తెలీదు. నాకు ఈయన కావాల."

ఎలియాస్‌కి తెలుగు సగమే అర్థమైనా సంగతి పూర్తిగా అర్థమైంది. పాలిపోయిన మొహంతో ఆ పళ్ళాలన్నీ తనే ఎత్తేశాడు. "నన్ను బతికించిన ఇంటివాణ్ణి చంపేవాణ్ణే" అని గొణుక్కున్నాడు. పప్పు అన్నం చూపించి, ఇందులో లేవు, ఒట్టు, అన్నాడు.

గోపాలం ఆ అన్నం వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చెయ్యి ఇంకా అతని మణికట్టు మీదే ఉంది. అతను తన కంచాన్ని ఆమె ముందుకి జరిపాడు.

"ముందు రుచి సూడు" అన్నాడు, అందరికీ వినబడేలా.

ఆమె ఒక ముద్ద తింది. నమిలి, మింగి, తల ఊపింది. గోపాలం అదే కంచంలో చెయ్యి పెట్టాడు.

"పెళ్ళాం ఎంగిలి తింటావట్రా?" అన్నాడు మునుస్వామి నెమ్మదిగా. అందులో కోపం కన్నా దిగులే ఎక్కువ. "భజన ఎత్తే నోటితో?"

"ఈ నోరు ఇంకా పాట ఎత్తుతాందంటే దీని దయే, మావా" అన్నాడు గోపాలం. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పంక్తిలోంచి పెద్దాయన లేస్తే అందరూ లేవాలి. రంగమ్మ ఆయన వైపే చూసింది. మునుస్వామి తన కంచం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత తల వంచుకుని తినసాగాడు. ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి. లేవలేదు, అంతే.

రంగమ్మ తెర వెనక్కి వచ్చి కూలబడింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. గరిటె రంగమ్మ అని పేరు పెట్టిన బాలమ్మే ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళ భయమూ ఒక్కసారిగా కళ్ళలోంచి దిగింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.

అంతలో తెర అవతలనుంచి గోపాలం గొంతు, భజనలో పాట ఎత్తినంత గట్టిగా:

"రంగా! ఇంకో కూర ఒచ్చింది. ఇలా రా."